గల్ఫ్ నుంచి తిరిగొచ్చాను, చేతిలో ఏముందో తెలియట్లేదు: పెద్దల సలహా కావాలి

జగిత్యాల_వాసి

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. వయసు 39. పదో తరగతి పాసయ్యాను, ఐటీఐలో చేరి ఇంటి పరిస్థితి బాగాలేక మధ్యలో మానేశాను. తర్వాత షార్జా. ముందు హెల్పర్‌గా, ఆ తర్వాత ఏసీ టెక్నీషియన్‌గా, చివర్లో పెద్ద బిల్డింగుల చిల్లర్ ప్లాంట్లలో, అంటే బిల్డింగు మొత్తాన్ని చల్లబరిచే నీళ్ళు తయారుచేసే పెద్ద మిషన్ల దగ్గర, మెయింటెనెన్స్ చేశాను. మా కంపెనీ కాంట్రాక్టు పోవడంతో చాలామందిని ఇంటికి పంపేశారు. అందులో నేనూ ఉన్నాను.

ఊళ్ళో ఎవరు ఎదురైనా "మళ్ళా ఎప్పుడు పోతున్నవ్?" అనే అడుగుతున్నారు. మా బావ హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డు ఉద్యోగం చూస్తానంటున్నాడు. దోస్తు ఒకడు చికెన్ సెంటర్ పెడదాం, సగం పెట్టుబడి నువ్వు పెట్టు అంటున్నాడు. ఏజెంటు ఇరాక్ వీసా ఉందని రోజూ ఫోన్ చేస్తున్నాడు. మా ఆవిడ బీడీలు చుడుతుంది, మహిళా సంఘంలో ఉంది. ఎకరంన్నర పొలం, పసుపు, మక్క వేస్తాం. అప్పు ఇంకా కొంత ఉంది. పిల్లలిద్దరూ బడిలో ఉన్నారు. నాకు మళ్ళీ వాళ్ళని వదిలి వెళ్ళబుద్ధి కావట్లేదు.

"నీ బలం ఏంటో తెలుసుకో, దాని మీద నిలబడు" అని వీడియోల్లో అందరూ చెప్తున్నారు. చదువు లేదు, సర్టిఫికెట్ లేదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇందులో బలం ఎక్కడుంది? నిజంగానే అడుగుతున్నాను, తెలిసినవాళ్ళు చెప్పండి.

దోహా_నైట్‌షిఫ్ట్

అన్నా, నేను ఇంకా ఇక్కడే ఉన్నాను కానీ నా మనసులో కూడా ఇదే టెన్షన్. మా రూములో ఉన్నవాళ్ళందరిదీ ఇదే మాట. జవాబుల కోసం నేనూ చూస్తుంటాను.

వరంగల్_పంతులు

తమ్ముడూ, బడిలో ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి రిటైరయ్యాను. "నీకు ఏం బాగా వచ్చు?" అని అడిగితే ఏ పిల్లవాడూ నోరు విప్పడు. అదే "ఆదివారం పొద్దుటి నుంచి ఏం చేశావురా?" అంటే గంట చెప్తాడు. ఒకడు మోటరు బాగుచేసిన సంగతి చెప్తాడు, ఒకతి నానమ్మ మందుల లెక్క అంతా తానే చూసుకుంటానంటుంది. మనకు ఏది కష్టపడకుండా వస్తుందో దాన్ని మనం బలం కింద లెక్కేసుకోం. అందరికీ వచ్చనుకుంటాం.

అందుకని బలం మాట పక్కన పెట్టు. షార్జాలో నీ మామూలు డ్యూటీ ఒకరోజు ఎలా గడిచేదో ఇక్కడ రాయి. ఏదీ చిన్నదని వదిలెయ్యకు.

జగిత్యాల_వాసి

సరే సార్, రాస్తాను.

పొద్దున ఆరింటికి ప్లాంట్ రూములోకి వెళ్ళగానే ముందు వింటాం. కంప్రెసర్ శబ్దం మారితే మీటరు చూడకముందే తెలిసిపోతుంది. బేరింగు పోతుంటే ఒక రకంగా, ఆయిల్ తగ్గితే ఒక రకంగా ఉంటుంది. తర్వాత లాగ్ షీటు. సక్షన్ ప్రెజర్, డిశ్చార్జ్ ప్రెజర్, ఆయిల్, మోటరు ఆంప్స్, నీళ్ళ టెంపరేచర్. 12 డిగ్రీలతో తిరిగొచ్చిన నీళ్ళు 7 డిగ్రీలకు చల్లబడి మళ్ళీ బిల్డింగులోకి పోవాలి. తేడా వస్తే కారణం వెతకాలి. రెండు గంటలకోసారి ఇవన్నీ రాసి సంతకం పెట్టాలి, రాయకపోతే జీతంలో కోత.

మధ్యాహ్నం కంప్లెయింట్లు. లీకు ఉంటే నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురుగుతో పట్టుకోవాలి, రాగి పైపును మంటతో అతకాలి, దాన్నే బ్రేజింగ్ అంటాం, పైపుల్లో గాలంతా పంపుతో లాగేసి, అంటే వ్యాక్యూమ్ తీసి, గేజు ముల్లు నిలబడిందో లేదో చూసి, అప్పుడు తూకం ప్రకారం గ్యాస్ ఎక్కించాలి. కరెంటు పని చేసే ముందు మెయిన్ ఆపి తాళం వేసి, తాళంచెవి మన జేబులోనే పెట్టుకోవాలి. ఇది తప్పితే ఉద్యోగమే పోతుంది.

ఒక రాత్రి ఆసుపత్రి బిల్డింగులో ఆపరేషన్ థియేటర్‌కి గాలి పంపే యూనిట్ ఆగిపోయింది. లోపల ఆపరేషన్ నడుస్తోంది. బెల్టు తెగింది. స్టోరులో అదే సైజు లేదు. పక్క యూనిట్ స్టాండ్‌బైలో ఉంటే దాని బెల్టు తీసి దీనికి వేశాం. డాక్టరు తర్వాత వచ్చి చెయ్యి కలిపాడు.

సూపర్‌వైజర్ పాకిస్తానీ, స్టోర్ కీపర్ మలయాళీ, హెల్పర్లు నేపాల్ వాళ్ళు. హిందీ బాగా వచ్చు, అరబీ పని వరకు వచ్చు.

ఇంతే సార్. ఇది అక్కడ అందరూ చేసే పనే.

కరీంనగర్_కూలింగ్

అన్నా, మాది ఏసీ, ఫ్రిజ్ సర్వీస్ షాపు. అక్కడ అందరూ చేస్తారేమో, ఇక్కడ ఎవరు చేస్తున్నారు? మా దగ్గర నూటికి తొంభైమంది మెకానిక్కులు లీకు ఎక్కడుందో వెతకకుండా గ్యాస్ ఎక్కించి డబ్బులు తీసుకుని పోతారు. నెల తిరక్కుండా మళ్ళీ కూలింగ్ ఉండదు. కస్టమరు ఇంకొకణ్ణి పిలుస్తాడు, వాడూ అదే చేస్తాడు. నైట్రోజన్ సిలిండరు, వ్యాక్యూమ్ పంపు, తూకం మిషను మూడూ పట్టుకుని సైట్‌కి వెళ్ళే మెకానిక్ చిన్న టౌనులో ఎంత అరుదో నీకు తెలియదు.

ఇంకోటి. ఇప్పుడొచ్చే ఇంటి ఏసీల్లో ఎక్కువగా ఆర్32 గ్యాస్ ఉంటోంది. పాత ఆర్22 కంటే దానికి ప్రెజర్ బాగా ఎక్కువ, పైగా కొంత మండే గుణం ఉంది. లైన్లో గ్యాస్ ఉండగా బ్రేజింగ్ మంట వెలిగించే అలవాటు ఉన్నవాళ్ళు ప్రాణం మీదకు తెచ్చుకుంటారు. నువ్వేమో తాళం వేసి చెవి జేబులో పెట్టుకునేదాకా వైరు ముట్టుకోనంటున్నావు. అలాంటి మనిషిని నేను వెతికి వెతికి అలిసిపోయాను.

నువ్వు రాసిన మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనది లాగ్ షీటు. ఎందుకో తర్వాత చెప్తాను, షాపులో జనం ఉన్నారు.

సూటిమాట

అందరూ మంచి మాటలు చెప్తున్నారు, కానీ నేను కొంచెం గట్టిగా మాట్లాడాలి. పని వచ్చినంత మాత్రాన ఇల్లు గడవదు. జగిత్యాల షార్జా కాదు. అక్కడ పెద్ద చిల్లర్లు ఎన్ని ఉంటాయి? ఇళ్ళ ఏసీల పని మార్చి నుంచి జూన్ దాకా. మిగతా ఎనిమిది నెలలు ఏం తినాలి? అప్పు ఉంది, వడ్డీ ప్రతి నెలా పెరుగుతుంది. సెక్యూరిటీ ఉద్యోగం చిన్నదే కావచ్చు, కానీ ఒకటో తారీఖున జీతం వస్తుంది.

గెలిచినవాళ్ళ కథల్లో పరిస్థితులు ఎప్పుడూ దాటిపోవాల్సిన అడ్డంకుల్లాగే కనిపిస్తాయి. నిజజీవితంలో పరిస్థితే సగం నిర్ణయిస్తుంది. పెట్టుబడి ఉన్నవాడి నైపుణ్యం వేరు, అప్పున్నవాడి నైపుణ్యం వేరు. ఆయన్ని ఉత్సాహపరిచి నష్టంలోకి దించొద్దు.

ఇందూరు_అక్క

సూటిమాట గారు అన్నదాంట్లో అప్పు సంగతి, సీజన్ సంగతి నిజం. పరిస్థితే సగం నిర్ణయిస్తుందన్నదీ నిజం. అయితే ఆ సగం ఎప్పుడూ మనకు ఎదురుగానే ఉంటుందని ఎందుకనుకోవాలి? తమ్ముడి చుట్టూ ఏముందో కూడా చూద్దాం.

మాది నిజామాబాద్ జిల్లా, పసుపు పొడి యూనిట్ నడుపుతున్నాను. నాకు డిగ్రీ లేదు. మా అత్తగారింట్లో పసుపు ఉడకబెట్టడం, ఎండబెట్టడం, పాలిష్ పట్టడం చూస్తూనే ఉన్నాను కాబట్టి కొమ్ము విరిచి చూస్తే తేమ ఎంతుందో చెప్పగలను. దానికి డబ్బులొస్తాయని నాకెవరూ చెప్పలేదు. హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లెలు ప్రతి ఏడాదీ "మీ ఇంటి పసుపే పంపు" అని అడిగేది, వాళ్ళ అపార్టుమెంటు వాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టారు. అడిగేవాళ్ళని లెక్కపెట్టుకుంటే అదే వ్యాపారమైంది. సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో, పీఎంఎఫ్‌ఎంఈ అంటారు, 35 శాతం సబ్సిడీతో మిషన్లు కొన్నాను. ఆ సబ్సిడీకి 10 లక్షల వరకే పరిమితి ఉండేది.

ఇక తమ్ముడి సంగతి. జగిత్యాల అంటే మామిడి. చల్‌గల్ మార్కెట్‌కి ఏప్రిల్, మే నెలల్లో ఎంత కాయ వస్తుందో నీకే తెలుసు, ఢిల్లీ దాకా లారీలు పోతాయి. కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధం. ఇథిలీన్ గ్యాస్‌తో, గదిలో 100 పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో 100 వంతులు, దాటకుండా మగ్గబెట్టొచ్చని ఆహార భద్రత నిబంధనలు చెప్తున్నాయి. దానికి రైపెనింగ్ ఛాంబర్ కావాలి. ఛాంబర్ అంటే ఏంటి? టెంపరేచర్, తేమ, గాలి మూడూ అదుపులో ఉండే గది. నువ్వు షార్జాలో చేసిందీ అదే కదా తమ్ముడూ! సీజన్ మధ్యలో ఒక ఛాంబర్ ఆగితే టన్నుల కొద్దీ కాయ పాడవుతుంది. అప్పుడు ఆ వ్యాపారి హైదరాబాద్ నుంచి మెకానిక్ వచ్చేదాకా ఆగగలడా?

మిగతా ఎనిమిది నెలలకి పాల శీతలీకరణ కేంద్రాలున్నాయి, పాలు 4 డిగ్రీల దగ్గర ఉండాల్సిందే, వానాకాలమైనా చలికాలమైనా. మందుల షాపుల ఫ్రిజ్‌లు, ఐస్‌క్రీమ్ డీప్ ఫ్రీజర్లు, చికెన్ సెంటర్లు, ఆసుపత్రులు. చికెన్ సెంటర్ పెట్టడం కంటే ఊళ్ళో ఉన్న చికెన్ సెంటర్లన్నిటి ఫ్రీజర్లు నువ్వు చూసుకోవడం మంచిది.

మీ ఆవిడ మహిళా సంఘంలో ఉందని ఒక ముక్కలో రాసి వదిలేశావు. సంఘం ద్వారా స్త్రీనిధి, బ్యాంకు లింకేజీ రుణం వస్తుంది, ఆ వడ్డీకీ బయటి వడ్డీకీ పోలికే లేదు. బయట తెచ్చిన అప్పు ముందు దాంతో తీర్చండి. ఇన్నేళ్ళు నువ్వు లేకపోయినా ఇల్లు, పొలం, సంఘం పొదుపు ఆమే నడిపింది. లెక్కలు ఆమె దగ్గర పెట్టు.

గుంటూరు_మిర్చి

నమస్తే అండి. నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో ప్లాంట్ ఆపరేటర్‌ని. ఒక హెచ్చరిక చెప్పాలని రాస్తున్నాను.

పెద్ద కోల్డ్ స్టోరేజీలు చాలావరకు అమ్మోనియా మీద నడుస్తాయి. అది వేరే విద్య. అమ్మోనియాకి రాగి పనికిరాదు, తినేస్తుంది, పైపులన్నీ ఇనుమువే. మీ బ్రేజింగ్ అక్కడ అక్కరకు రాదు. లీకైతే ఊపిరి ఆడదు, కళ్ళు పోతాయి, మాస్కు, శిక్షణ లేకుండా లోపలికి వెళ్ళకూడదు. "ఏసీ వచ్చు కదా, ఇదీ అదే" అని ఎవరైనా పిలిస్తే దయచేసి వెళ్ళకండి. రైపెనింగ్ ఛాంబర్లు, చిన్న కోల్డ్ రూములు మామూలు గ్యాస్‌తోనే ఉంటాయి, అవి మీకు తెలిసినవే.

మామిడికి ఇంకో సంగతి. చల్లగా ఉంటే మంచిదే కదా అని 12, 13 డిగ్రీల కంటే బాగా కిందికి దించితే తోలు నల్లబడుతుంది. యజమాని సెట్టింగు తగ్గించమన్నా తగ్గించకండి. కాయ పాడైతే పేరు మీదే పోతుంది.

వరంగల్_పంతులు

సూటిమాట గారికి ఒక మాట. పరిస్థితిని దాటినవాళ్ళ కథలే మనకు ఎక్కువగా చెప్తారన్నది ఒప్పుకుంటాను. ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గారి సంగతి అలాంటిది కాదు, అందుకే ప్రస్తావిస్తున్నాను.

ఆలేరు ప్రాంతంలో చేనేత కుటుంబం ఆయనది. పోచంపల్లి రకం చీర నెయ్యాలంటే ముందు ఆసు పొయ్యాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఆయన తల్లి లక్ష్మి గారు రోజూ ఆ పని చేసి భుజం నొప్పితో బాధపడేవారు. మల్లేశం గారిది పెద్ద చదువేమీ కాదు. పేరున్న ఇంజనీర్లకు తట్టని యంత్రం ఆయనకే ఎందుకు తట్టింది? ఆ దారం ఏ మేకు దగ్గర వంగుతుందో, ఎక్కడ జారుతుందో, చెయ్యి ఎన్ని రకాలుగా కదులుతుందో చిన్నప్పటి నుంచి కళ్ళారా చూశాడు కాబట్టి. ఏళ్ళ తరబడి పట్టింది, డబ్బు లేక మధ్యలో ఆగింది. హైదరాబాద్‌లో కూలి పనికి వెళ్ళినప్పుడు వర్క్‌షాపులో ఒక మిషను కదలిక చూసి, తన యంత్రంలో కుదరని చివరి కదలికకు దారి కనిపెట్టాడు. 1999లో యంత్రం పూర్తయింది. దానికి లక్ష్మీ ఆసు యంత్రమని తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఆ ఇల్లు, ఆ పేదరికం, తల్లి నొప్పి, కూలిపని, ఇవన్నీ తీసేస్తే ఆ యంత్రమే లేదు. అవి లేకున్నా గెలిచేవాడని అనలేం. బాధల్ని పొగడటం నా ఉద్దేశం కాదు, అంత నొప్పి ఏ తల్లికీ ఉండకూడదు. నేననేది ఇంతే: నీవి, నీ చుట్టూ ఉన్నవి రెండూ ఒకే కాగితం మీద రాసుకుంటే తప్ప లెక్క తేలదు.

సూటిమాట

పంతులుగారూ, ఒప్పుకుంటున్నాను. ఇందూరు అక్క రాసింది చదివాక నాకూ ఛాంబర్ల ఆలోచన బాగానే ఉందనిపించింది. ఒక్కటే కోరుకుంటున్నాను, అప్పు తీరేదాకా ఆయన కొత్త అప్పుతో షాపు పెట్టొద్దు.

రిటైర్డ్_మేనేజర్

బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేశాను. సూటిమాట గారి సలహాకే నా ఓటు. ముందు పని, తర్వాత రుణం. వ్యాక్యూమ్ పంపు, గేజులు, నైట్రోజన్ రెగ్యులేటర్, బ్రేజింగ్ సెట్, డిజిటల్ తూకం, క్లాంప్ మీటర్. షాపు అద్దె అక్కర్లేదు, బండి చాలు. చేతిలో ఉన్నదానితో కుదరకపోతే చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర రుణంలో చిన్న మొత్తం తీసుకోండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు, చేయించుకోండి, ఆధార్, పాన్ ఉంటే చాలు, పూర్తిగా ఉచితం. డబ్బులడిగే వెబ్‌సైట్లు నకిలీవి. సేవల మీద ఏడాది ఆదాయం 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ బెడద మామూలుగా ఉండదు.

ఏడాది, ఏడాదిన్నర తర్వాత పెద్దగా చెయ్యాలనిపిస్తే పీఎంఈజీపీ అని, కొత్త యూనిట్లకు బ్యాంకు రుణం మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం ఉంది. సేవా రంగంలో 20 లక్షల వరకు ప్రాజెక్టు. పల్లెలో బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు, మహిళలకు 35 శాతం సబ్సిడీ, మిగతావారికి 25. 5 లక్షలు దాటిన సేవా యూనిట్‌కి ఎనిమిదో తరగతి పాసైతే చాలు, మీరు పదో తరగతి. ఆ సబ్సిడీ సొమ్ము మూడేళ్ళు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది, చేతికి రాదు. ఏజెంట్లు ఈ సంగతి చెప్పరు.

సర్టిఫికెట్ లేదని బాధపడుతున్నారు. అనుభవం ఉన్నవాళ్ళకి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు స్కిల్ ఇండియాలో ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. మీ జిల్లా కేంద్రంలో అడగండి.

దోహా_నైట్‌షిఫ్ట్

ఇది చదివి ఇవాళే మా సూపర్‌వైజర్‌ని ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడిగాను. ఏయే మిషన్ల మీద చేశానో పేర్లతో సహా రాయమన్నాను. ఇక్కడున్న అన్నలందరూ ఉద్యోగంలో ఉండగానే తీసుకోండి. ఇంటికొచ్చాక అడిగితే ఎవరూ ఫోనెత్తరు.

జగిత్యాల_వాసి

అందరికీ దండాలు. కొన్నాళ్ళుగా ఇక్కడికి రాలేదు, తిరుగుతున్నాను.

చల్‌గల్ వైపు ఒక వ్యాపారికి రెండు ఛాంబర్లున్నాయి. మా ఊరి రైతు ఒకాయన అక్కడికే కాయ వేస్తాడు, ఆయన వెంట వెళ్ళాను. ఒక గది సరిగ్గా చల్లబడట్లేదని, పైవరస కాయ ముందే మగ్గి కిందివరస పచ్చిగా ఉంటోందని చెప్పాడు. ఇద్దరు మెకానిక్కులు వచ్చి గ్యాస్ ఎక్కించి పోయారట. లోపలికి వెళ్ళి నిలబడి చూశాను. గ్యాస్ సరిపడా ఉంది. తలుపు రబ్బరు కిందిమూల చిరిగి వేడిగాలి లోపలికి వస్తోంది. కాయిల్ సగం మంచు కట్టింది. క్రేట్లను గోడకు ఆనించి పేర్చడం వల్ల గాలి కిందికి దిగే దారే లేదు. టెంపరేచర్ సెన్సర్ సరిగ్గా కూలర్ ముందు వేలాడుతోంది, అందుకే గది చల్లబడకముందే కంప్రెసర్ ఆగిపోతోంది.

రబ్బరు మార్చి, మంచు కరిగించి, సెన్సర్‌ని గాలి తిరిగొచ్చే వైపుకు జరిపాను. గోడకీ క్రేట్లకీ మధ్య జానెడు జాగా వదలమన్నాను. ఒక సైకిల్ కాయ పూర్తయ్యాక ఫోన్ చేసి, అంతా ఒకే రంగు వచ్చిందన్నాడు. ఇప్పుడు ఏడాది మొత్తం చూసుకుంటావా, ఎంత తీసుకుంటావు అని అడుగుతున్నాడు. మా ఆవిడ సంఘంలో మాట్లాడింది, బయటి అప్పు తీర్చేందుకు రుణం పెట్టింది. సెక్యూరిటీ ఉద్యోగం వద్దని బావకి చెప్పేశాను.

కరీంనగర్ అన్నా, ఏడాదికి ఎంత అడగాలి? కాగితం ఎలా రాసుకోవాలి? నాకు అక్కడ జీతం తీసుకోవడమే తెలుసు, ధర చెప్పడం రాదు.

కరీంనగర్_కూలింగ్

అన్నా, చదువుతుంటే సంతోషమేసింది. లాగ్ షీటు గురించి తర్వాత చెప్తానన్నాను కదా, అది ఇక్కడే పనికొస్తుంది.

ధర ఒక్క అంకెలో చెప్పకు. ముందు ఎన్నిసార్లు వస్తావో తేల్చు. సీజన్‌కి ముందు ఒకసారి పూర్తి సర్వీసు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా పదిహేను రోజులకోసారి, తర్వాత మూడు నెలలకోసారి. ఒక్కో రాకకి నీ రోజుకూలీ, పెట్రోలు, గ్యాస్ కాకుండా చిన్న సామాను వేసుకుని కూడు. గ్యాస్, కంప్రెసర్, మోటరు ఖర్చు ఆయనదేనని కాగితంలో స్పష్టంగా రాయి, లేకపోతే ఒక్క కంప్రెసర్ పోయినా ఏడాది డబ్బంతా పోతుంది. సీజన్లో రాత్రి పిలిస్తే విడిగా ఇంత అని రాయి. సగం అగ్రిమెంటు రోజున, మిగతా సగం మే నెలలోపు. సీజన్ అయ్యాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

వెళ్ళిన ప్రతిసారీ షార్జాలో రాసినట్టే షీటు తెలుగులో రాయి. తారీఖు, ప్రెజర్లు, ఆంప్స్, గది పైనా కిందా టెంపరేచర్, తలుపు రబ్బరు ఎలా ఉంది, నువ్వేం చేశావు. ఒక కాపీ తలుపు పక్కన వేలాడదీయి, ఒకటి నీ దగ్గర. ఆయన సంతకం తప్పనిసరి. పక్క వ్యాపారి వచ్చి చూసి ఇదేంటని అడుగుతాడు, అక్కడి నుంచి రెండో కాంట్రాక్టు వస్తుంది. నా దగ్గర ఇంగ్లీషు షీటు ఒకటుంది, ఫొటో పెడతాను. ఛాంబర్‌కి పనికిరాని గడులు కొట్టేసి వాడుకో. వీలైతే వచ్చే ఆదివారం కరీంనగర్ రా, నా పాత వ్యాక్యూమ్ పంపు ఒకటి ఖాళీగా ఉంది, కొత్తది కొనేదాకా వాడుకోవచ్చు.